పిల్లలతో సినిమా – 3వ పాఠం: ఒక్క ఫోను, నలభై మంది

గత పాఠంలో మీ తరగతి పిల్లలు ఏడు చేపల కథను ఏడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఆరేసి గళ్లలో బొమ్మలు గీశారు. ఆ కాగితాలు గోడకు అంటించి ఉంచండి, ఈరోజు వాటితోనే పని. కత్తిరించిన బొమ్మను కొంచెం జరిపి ఒక ఫొటో, ఇంకొంచెం జరిపి మరో ఫొటో తీసి, అన్నీ వరుసగా వేగంగా చూపిస్తే బొమ్మ దానంతటదే నడిచినట్టు ఉంటుంది. దీన్ని స్టాప్ మోషన్ అంటారు.

పద్ధతి తేలికే. తరగతిలో 40 మంది ఉండి ఫోను ఒక్కటే ఉండటంతోనే చిక్కు. ఇద్దరు చురుకైనవాళ్లు ఫోను అందుకుంటారు, నలుగురు వాళ్ల భుజాల మీదుగా తొంగిచూస్తారు, మిగతా 34 మంది గోల చేస్తారు. టీచరు అరవడం మొదలుపెడతారు. గోల చేసే పిల్లల్లో తప్పేమీ లేదు. వాళ్ల చేతికి పని ఇవ్వలేదు, అంతే. అందుకే ఈ పాఠంలో కెమెరా సంగతుల కంటే పని పంచడం గురించే ఎక్కువ చెబుతాను.

ముందు లెక్క

సినిమా హాల్లో సెకనుకు 24 ఫ్రేములు పడతాయి. మనకు అన్ని అక్కర్లేదు. సెకనుకు 8 ఫొటోలు చాలు. కదలిక కాస్త గెంతినట్టుంటుంది కానీ కాగితం బొమ్మలకు అది అందమే. కథలో చేప, గడ్డిమోపు, ఆవు, పాలేరు, అవ్వ, పిల్లవాడు, చీమ కలిపి ఏడుగురిని ప్రశ్న అడగాలి. కాబట్టి ఏడు జట్లు: ఐదింటిలో ఆరుగురు, రెండింటిలో ఐదుగురు. ఒక్కో జట్టుకు 10 సెకన్లు, అంటే 80 ఫొటోలు. చేయి తిరిగాక ఒక్కో ఫొటోకు పది, పదిహేను సెకన్లకు మించి పట్టదు. 20 నిమిషాల్లో ఒక జట్టు పని అయిపోతుంది. ఒక పీరియడ్‌లో రెండు జట్లు, నాలుగు పీరియడ్లలో ఏడూ అయిపోతాయి. చివరికి చేతికొచ్చేది 70 సెకన్ల సినిమా.

దీనికి ఒక రోజంతా కావాలి. మొదటి రెండు పీరియడ్లు బొమ్మలు కత్తిరించడానికి, నాలుగు ఫొటోలకు, ఒకటి శబ్దానికి, చివరిది అందరూ కూర్చుని చూడటానికి. 2020 జాతీయ విద్యావిధానం 6–8 తరగతుల మధ్య పది రోజులు బ్యాగు లేకుండా చేతిపనులు నేర్చుకోవాలంటోంది. అందులో ఒక రోజు ఇవ్వమని హెడ్మాస్టర్‌ని అడగండి. రోజుకో పీరియడ్ చొప్పున వారమంతా లాగితే మాత్రం బొమ్మలు పోతాయి, వెలుతురు మారిపోతుంది, ఉత్సాహం చల్లారిపోతుంది.

ఫోను నిలబెట్టడం

స్టాండ్ కొనక్కర్లేదు. బల్ల మీద రెండు వైపులా ఐదేసి ఇటుకలు పేర్చి, వాటి మీద ఒక చెక్కపలక అడ్డంగా పెట్టండి. ఫోను తెర పైకి ఉండేలా పలక మీద పడుకోబెట్టి, వెనక కెమెరా మాత్రం పలక అంచు దాటి కిందికి చూసేలా జరపండి. రబ్బరు బ్యాండ్లతో గట్టిగా బిగించండి. కింద రంగు చార్టు పరిచి నాలుగు మూలలా టేపు వేయండి. చార్టు మిల్లీమీటరు జరిగినా సినిమాలో నేలంతా ఊగిపోతుంది.

ఫ్యాన్ ఆపండి. కిటికీలు మూసి, రెండు పక్కల నుంచి రెండు ఎల్‌ఈడీ బల్బులు వెలిగించండి. కిటికీ వెలుతురులో తీస్తే మబ్బు వచ్చిపోయినప్పుడల్లా బొమ్మ మసకబారుతూ వెలుగుతూ ఉంటుంది. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. కెమెరా తెర మీద వేలు కొన్ని సెకన్లు అదిమి ఉంచితే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు లాక్ అవుతాయి. తెర నొక్కితే ఫోను కదులుతుంది కనుక వైరున్న ఇయర్‌ఫోన్ తగిలించి, దాని వాల్యూమ్ బటన్‌తో ఫొటో తీయండి. చాలా ఫోన్లలో ఇది పనిచేస్తుంది. ఫొటోలను వరుసగా పేర్చడానికి స్టాప్ మోషన్ స్టూడియో అనే యాప్ ఉచిత రకం సరిపోతుంది.

ఆరుగురికి ఆరు పనులు

ఇద్దరు బొమ్మలు జరుపుతారు. ఒకరు బటన్ నొక్కుతారు. ఒకరు గళ్ల కాగితం చూస్తూ తర్వాత ఏం జరగాలో చెబుతారు. ఒకరు రాత పలక మీద గీతలు గీస్తూ ఫొటోలు లెక్కపెడతారు. ఆరోవారిది అన్నిటికంటే ముఖ్యమైన పని, కేక వేయడం. "జరుపు… చేతులు తీ… నొక్కు!" ఈ మూడు మాటలూ ఒకే లయలో, ప్రతి ఫొటోకీ. కాసేపటికి జట్టంతా ఆ లయలోకి వచ్చేస్తుంది. అప్పటినుంచి మీరు మాట్లాడాల్సిన అవసరమే ఉండదు. ఐదుగురే ఉన్న జట్టులో కేక వేసేవారే లెక్క కూడా చూస్తారు.

ప్రతి 13 ఫొటోలకు పనులు మారాలి. ఇది తప్పనిసరి నియమం. బటన్ ఎప్పుడూ ఒకరి చేతిలోనే ఉండిపోతే, వెనక బెంచీలో మాట్లాడకుండా కూర్చునే అమ్మాయికి అది ఎప్పటికీ అందదు. "నీకూ ఇస్తాలే" అని ఎవరూ దయతో ఇవ్వాల్సిన పని లేదు, లెక్క ప్రకారం తనకే వస్తుంది. ఇంతవరకూ నోరు మెదపని పిల్లలు కేక వేసే వంతు రాగానే గొంతు విప్పడం మీరే చూస్తారు.

ఎంత జరపాలి? చిటికెన వేలి గోరు వెడల్పు, అంతకు మించొద్దు. చీమకైతే అందులో సగం. మాటల దగ్గర అసలు జరపొద్దు. "చేపా చేపా, ఎందుకు ఎండలేదు?" అని పిల్లల చేత మామూలుగా పలికించి గడియారం చూడండి. సుమారు మూడు సెకన్లు పడుతుంది, అంటే 24 ఫొటోలు. ఆ 24 ఫొటోల్లో బొమ్మ కదలదు, నోరు మాత్రం మారుతుంది. తెరిచిన నోరు ఒకటి, మూసిన నోరు ఒకటి విడిగా కత్తిరించి ఉంచుకుని, రెండేసి ఫొటోలకు మారుస్తూ పోవాలి. జవాబుకూ దాదాపు అంతే. మిగిలిన సుమారు 30 ఫొటోల్లో రావడం, ఆగడం, తల తిప్పడం. ఈ లెక్క ముందే గళ్ల కాగితం పక్కన రాసుకోకపోతే చివర్లో మాట పూర్తికాకముందే బొమ్మ వెళ్లిపోతుంది.

ఒక ఫొటోలో ఎవరి వేలో పడుతుంది. ఉంచేయండి. సెకనులో ఎనిమిదో వంతు సేపు కనిపించి పోతుంది. తెర మీద ఆ వేలు చూడగానే "అది నాది!" అని ఒకరు ఎగిరి గంతేస్తారు. ఆవు కాళ్లు పొట్టిగా ఉన్నాయని మీరు కత్తెర తీసుకోవద్దు. పెద్దవాళ్లు ఒక్కసారి దిద్దితే మిగతా బొమ్మలన్నీ దిద్దమని మీ ముందు క్యూ కడతాయి.

వంతు రాని జట్లు

ఒక జట్టు ఫొటోలు తీస్తుంటే ఆరు జట్లు ఖాళీ. వాళ్లకు శబ్దం పని ఇవ్వండి. ప్రతి జట్టూ తన పాత్రకు ఒక చప్పుడు వెతకాలి. ఫోను వాడకూడదు, నోటితో చేయకూడదు. గడ్డిమోపుకు పాత పేపరు నలపొచ్చు, ఎండు కొబ్బరాకు ఊపొచ్చు. చేపకు బకెట్ నీళ్లలో అరచేయి. ఆవుకు మెడగంట ఎవరింట్లోనైనా దొరుకుతుంది. చీమకు ఏం చేస్తారో చూడాలి. బల్ల మీద గోళ్లు గీకేవాళ్లు కొందరు, అగ్గిపెట్టెలో ఆవాలు పోసి మెల్లగా ఒంచేవాళ్లు కొందరు. అవ్వ దగ్గర గిన్నె, గరిటె చాలు. ఏడ్చే పిల్లవాడికి మాత్రం నోటినే వాడనివ్వండి.

ఏడు ప్రశ్నలూ ఒకే బాణీలో రావాలి. బాణీ సినిమా పాటది కాకూడదు, పిల్లలే కట్టాలి. చప్పట్లతో మొదలుపెట్టమనండి. ఊళ్లో డప్పు వాయించేవారు ఎవరి నాన్నో, మామయ్యో ఉంటే ఆ పీరియడ్‌కు పిలవండి. ఆయన వేసే ఒక్క దెబ్బతో ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఎంత విరామం ఉండాలో పిల్లలకు తెలిసిపోతుంది. ఆయన్ని అతిథిలా కుర్చీలో కూర్చోబెట్టకుండా, పిల్లల మధ్య నిలబెట్టి నేర్పించమనండి.

రికార్డింగ్ తరగతి గదిలో వద్దు, గోడలు గొంతును తిప్పికొడతాయి. మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలున్న స్టోర్ రూమ్ అడగండి. బస్తాలు ప్రతిధ్వనిని పీల్చేస్తాయి. ఇంతకంటే మంచి స్టూడియో మన బడుల్లో దొరకడం కష్టం.

ఒక జాగ్రత్త. బొమ్మల సినిమాలో పిల్లల ముఖాలు ఉండవు కనుక దాన్ని ఎవరికైనా చూపించొచ్చు. పని చేస్తుండగా మీరు తీసే పిల్లల ఫొటోలను మాత్రం తల్లిదండ్రుల అనుమతి లేకుండా స్టేటస్‌లో పెట్టకండి.

వచ్చే పాఠంలోపు

1913లో మన దేశపు తొలి కథాచిత్రాన్ని విడుదల చేసిన దాదాసాహెబ్ ఫాల్కే, దానికి ముందు కుండీలో బఠాణీ మొక్క పెరగడాన్ని రోజుకో ఫ్రేము చొప్పున చిత్రీకరించారు. సినిమాకు పెట్టుబడి పెట్టేవాళ్లను నమ్మించడానికి అది చూపించారు. మీ ఇంట్లో ఒక గాజు గ్లాసులో తడి దూదిపై పెసలు వేసి, ఫోను కదలకుండా కట్టి, మెలకువగా ఉన్నంతసేపూ గంటకో ఫొటో తీయండి. నాలుగు రోజులు చాలు. రాత్రీ పగలూ ఒకే బల్బు వెలుతురు ఉండాలి. ఆ ఫొటోలను సెకనుకు 8 చొప్పున ఒకసారి, 12 చొప్పున ఒకసారి నడిపి, ఏది బాగుందో రాసి పెట్టుకోండి. 4వ పాఠంలో ఆ రెండూ ముందు పెట్టుకుని, ఏడు జట్ల ముక్కలను ఒకటిగా కలపడం నేర్చుకుందాం.