స్విచ్ వదిలినా ఆరని లైటు

12 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్‌ని చిన్న పుష్ బటన్‌తో వెలిగిద్దామని ఐఆర్ఎఫ్540 మాస్‌ఫెట్ పెట్టాను (గేటు, సోర్స్, డ్రెయిన్ అని మూడు కాళ్లుండే ట్రాన్సిస్టర్; గేటుకి వోల్టేజి ఇస్తే మిగతా రెండింటి మధ్య స్విచ్‌లా తెరుచుకుంటుంది). సోర్స్ గ్రౌండ్‌కి, డ్రెయిన్ స్ట్రిప్ మైనస్‌కి, బటన్ 12 వోల్టుల నుంచి గేటుకి. నొక్కితే వెలిగింది. వదిలితే ఆరలేదు!

బటన్ ఇరుక్కుపోయిందనుకుని మల్టీమీటర్‌తో చూశాను, బాగానే ఉంది. విసుగొచ్చి గేటు వైరే పీకేశాను. అయినా వెలుగుతూనే ఉంది. మాస్‌ఫెట్ షార్ట్ అయిందని పారేయబోతూ దాని కాళ్లు పట్టుకున్నాను. వేలు గేటుకీ సోర్సుకీ ఒకేసారి తగిలిందేమో, టక్కున ఆరిపోయింది.

అప్పుడు వెలిగింది, నా బుర్రలో. బీసీ547 లాంటి మామూలు (బైపోలార్) ట్రాన్సిస్టర్‌లో బేస్ అనే కాలికి వెళ్లే కరెంటు ఆగితే దానంతటదే ఆఫ్ అవుతుంది. నాకు ఆ అలవాటే. మాస్‌ఫెట్ గేటు అలా కాదు, లోపల పల్చటి ఆక్సైడ్ పొర మీద కూర్చున్న, ఛార్జ్ దాచుకునే చిన్న కెపాసిటర్ అది. ఈ మాస్‌ఫెట్‌లో దాని కెపాసిటీ 2000 పికోఫారడ్ల లోపే, కానీ ఛార్జ్ బయటికి పోయే దారి లేకపోతే అంతే, అలాగే పట్టుకుని ఉంటుంది.

ఆ దారి ఇవ్వడానికి గేటుకీ సోర్సుకీ మధ్య 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ టంకం పెట్టాను. బటన్ నొక్కినంతసేపూ అందులో పోయేది 1.2 మిల్లీఆంపియర్లే. ఇప్పుడు వదలగానే ఆరుతోంది. (ఈ లోపు పాపం, ఏ తప్పూ లేని బటన్లు రెండు మార్చేశాను.)

ఇదే మాస్‌ఫెట్‌ని 3.3 వోల్టుల మైక్రోకంట్రోలర్ బోర్డు పిన్‌తో నడపాలంటే మాత్రం కుదరదు, సగం తెరుచుకుని వేడెక్కుతుంది. దానికి లాజిక్ లెవెల్ రకం (అంత తక్కువ గేటు వోల్టేజికే పూర్తిగా తెరుచుకునేది) కావాలి.