లెక్కలు లేని డిగ్రీతో ఎంబీఏ దరఖాస్తు: నా అనుభవం

నాది బీఏ సాహిత్యం. పదో తరగతి తర్వాత లెక్కల ముఖం చూడలేదు. అమెరికా ఎంబీఏ ప్రవేశ కమిటీకి నా మార్కుల జాబితాలో అంకెల పట్టుకు ఆధారమే కనిపించదు. కాబట్టి కొత్త ఆధారం సంపాదించాను. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయం బయటివారికి కోర్సులు నడిపే విభాగం యూసీ బర్కిలీ ఎక్స్‌టెన్షన్‌లో ఆన్‌లైన్‌గా స్టాటిస్టిక్స్ చదివి ‘ఏ’ గ్రేడు తెచ్చుకున్నాను. ఉచిత వీడియోలు ఎన్ని చూసినా, పరీక్ష పెట్టి గ్రేడిచ్చే కోర్సుకున్న విలువ వాటికి రాదని నా గట్టి నమ్మకం.

ఎంబీఏ ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌లోని లెక్కల విభాగం ‘క్వాంట్‌’లో 45 నిమిషాలకు 21 ప్రశ్నలు, కాలిక్యులేటర్ ఉండదు. 2023 చివర్లో వచ్చిన కొత్త రూపంలో రేఖాగణితం తీసేశారు. అందుకే శాతాలు, నిష్పత్తులు, బీజగణితం మీదే కూర్చున్నాను.

సిఫారసు లేఖలో నేను తయారుచేసిన బడ్జెట్ల గురించి రాయమని మా మేనేజరుగారిని కోరాను. దరఖాస్తులో ఇష్టమైతే రాసే ఐచ్ఛిక వ్యాసంలో సంజాయిషీలు లేవు: గ్రేడు, స్కోరు, ఆఫీసు పని, అంతే. ఆ ఏడాదే సీటు వచ్చింది.