విల్లీస్ జీపుకు కొత్త వైరింగు

ఇంటి షెడ్డులో బాగుచేసుకుంటున్న 1940ల నాటి విల్లీస్ జీపు ఇది. వైర్ల మీది నూలు తొడుగు ముట్టుకుంటే రాలిపోతోంది. అతుకులు దండగనిపించి, ప్రతి కొసకూ చీటీ కట్టి మొత్తం పీకేశాను.

6 వోల్టుల వ్యవస్థను 12కి మార్చాను. 60 వాట్ల లైటు 6 వోల్టుల మీద 10 ఆంపియర్లు లాగుతుంది, 12 మీద 5 చాలు. బ్యాటరీ, బల్బులు, ఇంజనులో స్పార్కు పుట్టించే కాయిల్ కొత్తవి. బ్యాటరీని ఛార్జి చేసే పాత డైనమో స్థానంలో ఆల్టర్నేటర్. పెట్రోలు మీటరుకు మాత్రం వోల్టేజి తగ్గించే పరికరం తప్పదు, లేకపోతే కాలిపోవచ్చు. స్టార్టర్ మోటారు పాతదే: కొద్ది క్షణాలు తిప్పితే తట్టుకుంటుంది, అదేపనిగా నొక్కితే తట్టుకోదు.

ఎర్తు తీగ దగ్గర రంగు గీకి, మెరిసే ఇనుము కనిపించాకే బోల్టు బిగించాను. పాత బండ్లలో లైట్లు మిణుకుమిణుకుమంటే నేను మొదట చూసేది అక్కడే. హెడ్‌లైట్లకు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్చు) పెట్టడంతో పాత స్విచ్చుపై భారం తగ్గింది; దాన్ని మార్చే మనసూ నాకు లేదు.