వాయుగుండాల నెలలకు ముందు కట్టెల అడితిలో తీసుకోవలసిన జాగ్రత్తలు

నెల్లూరు జిల్లాలో ఏటా కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వల్లే కురుస్తుంది. ప్రకాశం జిల్లా తీర మండలాలకు కూడా ఇవే గండం నెలలు. కట్టెల వ్యాపారికి గిరాకీ పెరిగేదీ సరిగ్గా అప్పుడే. కార్తీక మాసంలో వనభోజనాలు, ముహూర్తాలున్న రోజుల్లో పెళ్లి వంటలు, సంక్రాంతి దగ్గర పడేసరికి పొగాకు బ్యారన్లు (ఆకును వేడితో ఆరబెట్టే గదులు) వరసగా వస్తాయి. కాబట్టి సెప్టెంబరు నెలాఖరుకు కట్టె చీల్చి, ఎండబెట్టి, కప్పు కిందికి చేర్చడం పూర్తి కావాలి. ఆ తరువాత దిగిన పచ్చికట్టెను ఈ సీజను సరుకుగా లెక్క వేసుకోకపోవడమే మంచిది.

మన వైపు అడితులకు వచ్చేది ముఖ్యంగా తీరపు తోటల సరుగుడు, మెట్ట పొలాల జామాయిల్, సుబాబుల్, చెరువు గట్ల మీది సర్కారు తుమ్మ. వీటిలో సరుగుడు కాస్త పచ్చిగా ఉన్నా మండుతుంది గనుక వానాకాలానికి కొంత సరుగుడు విడిగా నిలవ ఉంచుకోవాలి. తక్కినవాటిని మొద్దులుగా వదిలేస్తే నెలలు గడిచినా లోపలి చెమ్మ పోదు, ఎందుకంటే కట్టెలోని నీరు కోసిన కొనల నుంచీ చీల్చిన ముఖాల నుంచీ ఆవిరవుతుందే గాని బెరడు గుండా పెద్దగా బయటికి రాదు. ఎండిన కట్టెకు కొనల్లో నక్షత్రపు గీతల్లాంటి పగుళ్లు తేలతాయి, బెరడు వేలితో లాగితే ఊడుతుంది, రెండు ముక్కలను కొడితే ఖంగుమంటుంది. ఇంకా నమ్మకమైన పద్ధతి కావాలంటే, ఒక ముక్క మీద సుద్దతో గుర్తు పెట్టి వారానికొకసారి చిన్న కాటా మీద తూచి చూడాలి. బరువు తగ్గడం ఆగిపోయినప్పుడు ఆ వరస ఎండినట్టు.

పేర్పు విషయంలో చాలామంది చేసే పొరపాటు, టార్పాలిన్ పట్టాను నేల దాకా దించి రాళ్లు పెట్టి బిగించడం. అలా కప్పితే నేల నుంచి లేచిన ఆవిరి పట్టా లోపలే నీళ్లుగా మారి కట్టె మీదికే కారుతుంది, పది రోజులకు బూజు పడుతుంది. పైభాగాన్ని, పక్కలను ఒక జానెడు దాకా మాత్రమే కప్పి, మిగతా పక్కలను గాలికి వదలాలి. ఈ నెలల్లో జల్లు ఎక్కువగా ఈశాన్యం నుంచి కొడుతుంది కాబట్టి పట్టా వాలు ఆ వైపుకు ఉండాలి, ఆ వైపు అంచును మాత్రం మరికొంత కిందికి దించవచ్చు. అడుగున ఇటుకలు గాని తాటి దుంగలు గాని వేసి జానెడు ఎత్తు లేపాలి, పై వరసలో బెరడు ఆకాశం వైపుకు పెట్టాలి, పేర్పు మనిషి భుజం ఎత్తు దాటకూడదు. తడిసిన నేల ఒక పక్క కుంగిందంటే ఎత్తయిన పేర్పు నిలవదు, దాని పక్కన పిల్లలు ఆడుకునే అలవాటు ప్రతి ఊళ్లోనూ ఉంది. వాగు పక్క పల్లంలో అడితి ఉన్నవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి, కట్టె తేలుతుంది. నడుము లోతు నీరు చాలు, సరుకంతా పక్క ఊరి పొలాల్లో వెతుక్కోవలసి వస్తుంది.

తూకం గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. నూటికి 40 పాళ్లు నీరున్న టన్ను కట్టె, 20 పాళ్లకు ఎండేసరికి 750 కిలోలవుతుంది. అంటే తడి సరుకును ఎండు సరుకు ధరకు తూచి ఇస్తే కొన్నవాడు 250 కిలోల నీళ్లకు డబ్బు కట్టినట్టే, పైగా ఆ నీటిని ఆవిరి చేయడానికే ఇంకో 40 కిలోల ఎండుకట్టె వేడి ఖర్చవుతుంది. పెళ్లి వంట మేస్త్రీ అయితే పొగకు కళ్లు తుడుచుకుంటూ తిట్టి ఊరుకుంటాడు. బ్యారన్ రైతు ఊరుకోలేడు, ఎందుకంటే ఆకు ఈనె ఆరే దశలో వేడి దాదాపు 70 డిగ్రీల దగ్గర నిలబడాలి, తడి కట్టెతో మంట పడిపోతే బ్యారన్‌లోని ఆకు రంగు చెడి వేలంలో ధర పోతుంది. అందువల్ల తడి సరుకు అమ్మక తప్పనప్పుడు దాన్ని తడి సరుకుగానే చెప్పి, వేరే ధర చీటీ మీద రాసి ఇవ్వాలి. అమ్మినవాడికి ఇది నష్టంలా కనిపిస్తుంది గాని, వచ్చే ఏడాది ఆ రైతు మళ్లీ ఫోను చేసేది ఈ చీటీని చూసే.

వాన మొదలైతే ఎలుకలూ వాటి వెనకే పాములూ పొడిగా ఉండే పేర్పుల్లోకి చేరతాయి. కట్టె ఎప్పుడూ పై వరస నుంచి కొక్కెం కర్రతో లాగి తీయాలి, సందుల్లో చేయి పెట్టకూడదు, చీకట్లో టార్చి లేకుండా పేర్పు దగ్గరికి వెళ్లకూడదు. కట్లపాము కాటుకు నొప్పి పెద్దగా తెలియదు గనుక కాపలా మనిషి నేల మీద కాక మంచం మీద దోమతెర కట్టుకుని పడుకోవాలి. కాటు పడితే కట్లు బిగించడం, గాయం కోయడం మానేసి 108కు ఫోను చేసి, విరుగుడు మందు ఉండే ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. చలి కాచుకోవడానికి మూసిన షెడ్డులో నిప్పుల కుంపటి పెట్టుకుని నిద్రపోవడం పాము కంటే తక్కువ ప్రమాదమేమీ కాదు, నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన కూడా ఉండదు. కోత మిషను మోటారుకు ఎర్త్ సరిగా ఉన్నదీ లేనిదీ వానలకు ముందే ఎలక్ట్రీషియన్ చేత చూపించాలి. నేల తడిగా ఉన్న రోజు మిషను ఆపి గొడ్డలి పనే చేయించాలి. తుమ్మ ముల్లు గుచ్చుకుంటే తీసి పారేసి మరిచిపోకుండా టీటీ ఇంజెక్షను చేయించాలి.

తుఫాను దాటాక రోడ్ల పక్కన పడిన చెట్లు చవగ్గా దొరుకుతాయి, ఆశ పుడుతుంది. వంగి బిగిసి ఉన్న కొమ్మను కోస్తే అది ఎగిరి కొడుతుంది. దాని కింద తీగలుంటే, కరెంటు తీసేశామని సిబ్బంది చెప్పేదాకా దగ్గరికి పోరాదు. రోడ్డు పక్క చెట్టు పడిపోయినంత మాత్రాన ఎవరిదీ కాకుండా పోదు, పంచాయతీ నుంచి గాని రోడ్ల శాఖ నుంచి గాని కాగితం ఉండాలి. నిలిచి ఉన్న చెట్లు కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, నేల, చెట్ల) చట్టం కింద అనుమతి, రవాణాకు పర్మిట్టు ఏ జాతికి కావాలో అటవీ రేంజి ఆఫీసులో ముందే అడిగి పెట్టుకోవాలి. రాపూరు, ఉదయగిరి వైపు నుంచి వచ్చే లోడును దింపేటప్పుడు ప్రతి మొద్దూ చూసుకోవాలి. అందులో ఒక్క ఎర్రచందనం ముక్క దొరికినా అది జరిమానాతో పోయే కేసు కాదు. గన్నేరు కొమ్మలూ, రంగు వేసిన పాత తలుపు చెక్కలూ వంట కట్టెలో కలవనివ్వకూడదు, వాటి పొగ మంచిది కాదు.

ఇక డెలివరీ. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు మార్గం దెబ్బతిని, కోవూరు వైపు జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. పెద్ద రోడ్డుకే ఆ గతి పట్టినప్పుడు వాగుల మీది చప్టాల సంగతి చెప్పనక్కరలేదు. చప్టా మీద మోకాలి లోతు నీరు పారుతుంటే, లోడు బరువు కాపాడుతుందని నమ్మి టాటా ఏస్‌ను దింపవద్దని డ్రైవరుకు ముందే చెప్పి ఉంచాలి, ఆలస్యానికి కిరాయి కోయబోనని కూడా చెప్పాలి. లేకపోతే మొదటి మాట అతను వినడు. లోడు మీద కూలీలను ఎక్కించకూడదు, మోకు రెండు వరసలు కట్టాలి, వెనక పొడుచుకు వచ్చిన కట్టెకు ఎర్రగుడ్డ, రాత్రయితే దీపం ఉండాలి. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త వినగానే ఆర్డరు పుస్తకం తీసి, ఆ వారం పెళ్లిళ్ల కట్టెను రెండు రోజుల ముందే కల్యాణ మండపానికి చేర్చి, కప్పు కింద వేయించి, అందినట్టు సంతకం తీసుకోవాలి.