ఎమిషన్ టెస్ట్‌లో ఫెయిలైన కారు, క్యామ్ మార్చాక పాసైంది: నా అనుభవం

2,40,000 కిలోమీటర్లు తిరిగిన వీ8 స్పోర్ట్స్ కారు నాది, రోజూ ఆఫీసుకి వెళ్లేది దాంట్లోనే. మొదట పెద్ద క్యామ్ (ఇంజిన్ వాల్వులను తెరిపించే, ఉబ్బులున్న షాఫ్ట్) వేయించాను: 0.050 అంగుళాల లిఫ్ట్ (క్యామ్ ఉబ్బు లిఫ్టర్‌ను పైకి లేపే ఎత్తు) దగ్గర డ్యురేషన్, అంటే వాల్వు తెరిచి ఉండే వ్యవధి, 232 డిగ్రీలు, లోబ్ సెపరేషన్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ ఉబ్బుల మధ్య కోణం) 110. ట్రాఫిక్‌లో ఒకటే కుదుపులు, టెస్ట్‌లో హైడ్రోకార్బన్లు (కాలని ఇంధనం) ఎక్కువని ఫెయిల్. కారణం ఓవర్‌ల్యాప్. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కాసేపు కలిసి తెరిచి ఉంటాయి కదా, తక్కువ ఆర్‌పీఎంలో కాలిన గ్యాస్ వెనక్కి వచ్చి కొత్త మిశ్రమంలో కలుస్తుంది, మిస్‌ఫైర్లు వస్తాయి, కాలని పెట్రోలు అలాగే బయటికి పోతుంది, ఆ భారమంతా పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మీద పడుతుంది.

రెండోసారి తొందరపడలేదు. ముందు కంప్రెషన్, లీక్‌డౌన్ టెస్టులు (సిలిండర్లలో ఒత్తిడి ఎంత వస్తోంది, గాలి ఎంత లీకవుతోంది అని చూసేవి) చేయించాను, ఎందుకంటే పిస్టన్ రింగులు అరిగిపోయి ఉంటే ఏ క్యామ్ వేసినా దండగే. సిలిండర్లన్నిటి రీడింగులు దగ్గరదగ్గరగా వచ్చాయి. అప్పుడు ఓవర్‌ల్యాప్ తక్కువయ్యేలా డ్యురేషన్ 216 డిగ్రీలు, లోబ్ సెపరేషన్ 115 ఉన్న క్యామ్ తీసుకున్నాను. వాల్వ్ స్ప్రింగులు, లిఫ్టర్లు, టైమింగ్ చైన్ కూడా కొత్తవే (ఇక్కడ మాత్రం పొదుపు చేయకండి, బలం తగ్గిన స్ప్రింగు ఎక్కువ ఆర్‌పీఎంలో వాల్వును అదుపులో పెట్టలేదు). తర్వాత ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ట్యూనింగ్.

పై ఆర్‌పీఎంలో పవర్ కొంచెం తగ్గింది. కానీ 2,000 నుంచే బాగా లాగుతోంది, ఐడ్లింగ్ నిలకడగా ఉంది, టెస్ట్ కూడా పాసైంది.