స్టోరేజీ షేరు చీప్‌గా కనపడుతోందని కొనే ముందు ఈ జాగ్రత్తలు

జూలై నెలాఖర్లో హార్డ్‌డిస్కులు తయారుచేసే సీగేట్, వెస్టర్న్ డిజిటల్ కంపెనీల రిజల్ట్స్ వస్తాయి, ఆ టైమ్‌కి మా కర్నూల్లో పిల్లోళ్లు ఫోన్ ముందర పెట్టి అన్నా దీని పీఈ (షేరు రేటును షేరుకొచ్చే ఏడాది లాభంతో భాగిస్తే వచ్చేది) శానా తక్కువుంది, అండర్‌వాల్యూడే కదా, కొనేద్దామా అని అడుగుతాండారు. నాది కంప్యూటర్ రిపేరు షాపు, డిస్కుల రేటు ఎట్ల ఎగుర్తాదో ఎట్ల పడ్తాదో కౌంటర్ మీదే చూసినోణ్ని, అందుకే ఇంత పొడుగ్గా రాస్తాండా.

2011లో థాయ్‌లాండ్‌లో వరదలొచ్చి వెస్టర్న్ డిజిటల్ ఫ్యాక్టరీ మునిగిపోయింది, మా దగ్గర హార్డ్‌డిస్క్ రేటు వారాల్లోనే ఇంచుమించు డబుల్ అయింది. డిస్కు అదే, కంపెనీ అదే, కానీ సరుకు లేదు కాబట్టి లాభాలు ఆకాశానికి పోయినాయి. ఆ ఏడాది లాభంతో పీఈ కడితే షేరు నేల మీదుండే మాదిరి కనపడ్తాది.

పత్తికొండ టమాటా రైతునడగండి. రేటు ఎక్కినప్పుడు అందరూ అదే నాటుతారు, కొన్ని నెలలకు పంటంతా ఒకేసారి మార్కెట్‌కి దిగుతాది, బండి బాడుగ కూడా రాక రోడ్డు పక్కన పారబోసి పోతారు. రేటు మంచిగున్న ఆ ఒక్క నెల ఆదాయాన్ని పట్టుకొని ఎవరన్నా చేను ఖరీదు కడతారా? స్టోరేజీ షేరుకు ఒక్క ఏడాది పీఈ చూసి కొనేది కూడా అంతే.

సీగేట్ లెక్కే చూడండి. 2022 ఆర్థిక సంవత్సరంలో అమ్మకాలు 1,166 కోట్ల డాలర్లు, షేరుకు లాభం 7.36 డాలర్లు. ఆ జూలైలో షేరు 70-80 మధ్య ఆడ్తాంది, అంటే పీఈ పది చిల్లర. చీప్ అనిపిస్తాది కదా. మరుసటేడు అమ్మకాలు 738 కోట్లకు పడిపోయి 53 కోట్ల డాలర్ల దాకా నష్టమొచ్చింది, 2022 నవంబరుకే షేరు 50 దరిదాపుల్లోకి దిగింది. నష్టాల్లో ఉన్నప్పుడు పీఈ అనేదే ఉండదు, చూసినోళ్లందరూ దూరంగా పోయినారు, 2025 సెప్టెంబర్‌కి అదే షేరు 200 దాటింది. అంటే ఈ రంగంలో పీఈ బాగా తక్కువ కనపడినప్పుడే ఎక్కువ భయపడాల.

కాబట్టి మొదటి జాగ్రత్త, నష్టమొచ్చిన ఏళ్లు కూడా కలిపి సగటు తీయండి. సీగేట్‌కు 2022 నుంచి 2025 దాకా నాలుగేళ్లు వరసగా 165 కోట్ల డాలర్ల లాభం, 53 కోట్ల నష్టం, 33 కోట్ల లాభం, 147 కోట్ల లాభం. సగటు ఏడాదికి 73 కోట్లు, షేర్లు సుమారు 21 కోట్లు, అంటే షేరుకు మూడున్నర డాలర్లు. 75కి కొన్న షేరు పీఈ పది కాదు, ఇరవై పైనే. నాలుగేళ్లు తక్కువే, ఏడెనిమిదేళ్లు తీసుకుంటే ఇంకా మేలు.

రెండోది సరుకు నిల్వ. కంపెనీ గోడౌన్‌లో సరుకు ఎంత నిల్వుందో బ్యాలెన్స్ షీట్‌లో ఉంటాది, దాన్ని ఆ క్వార్టర్ సరుకు ఖర్చుతో భాగించి 90తో గుణించండి. నిల్వ 100, ఖర్చు 150 అయితే 60 రోజుల సరుకు. రెండు మూడు క్వార్టర్లు వరసగా ఈ రోజులు పెరుగుతాంటే, పైకి లాభం ఎంత బాగున్నా సరే, రేట్లు పడే టైమ్ దగ్గరికొచ్చిందని నేను అనుకుంటా. నాకు పీఈ కంటే ఇదే ముఖ్యం. ఈ రిపోర్టులన్నీ అమెరికా షేర్ మార్కెట్‌ను అదుపు చేసే ఎస్ఈసీ వాళ్ల ఎడ్గార్ సైట్‌లో ఫ్రీ.

బుక్ వాల్యూ, అంటే ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే షేర్‌హోల్డర్లకు మిగిలేది, దాన్ని నమ్ముకోవద్దండి, సీగేట్ 2023లో షేర్‌హోల్డర్ల ఈక్విటీ మైనస్‌లోకి పోయింది, అట్లాంటప్పుడు షేరు రేటును బుక్ వాల్యూతో పోల్చే రేషియోకు అర్థమే లేదు, అప్పు ఎంత, వడ్డీ ఎంత అనేది చూడాల. వెస్టర్న్ డిజిటల్ పాత లెక్కలతో పోల్చేటోళ్లు 2025 ఫిబ్రవరిలో దాని ఫ్లాష్ మెమరీ వ్యాపారం శాన్‌డిస్క్ అని వేరుపడిందని మర్చిపోవద్దు. నెట్‌యాప్ లాంటి కంపెనీలు డిస్కులు తయారుచేసేవి కావు, డేటా సెంటర్లకు సిస్టమ్స్ అమ్మేవి, వాటిని ఈ తూకంతో తూచొద్దు, అక్కడ ఉద్యోగులకిచ్చే షేర్ల ఖర్చును లెక్కలో కలపకుండా చూపించే లాభాన్ని జాగ్రత్తగా చదవాల.

డబ్బు సంగతి. ఈ షేర్లకని దేశం బయటికి పంపేది రిజర్వ్ బ్యాంక్ స్కీమ్ (ఎల్ఆర్ఎస్) కిందనే, ఏడాదికి 10 లక్షలు దాటితే దాటినదాని మీద 20 శాతం టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుంటారు, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో ఫారిన్ అసెట్స్ షెడ్యూల్ నింపాల. 2022లో 75కి కొని పట్టుకున్నోడు బయటపడ్డాడు, అదే అప్పు తెచ్చి కొన్నోడికి 50 కాడికి వచ్చేసరికి వడ్డీ కట్టలేక అమ్ముకోక తప్పదు. సెనక్కాయ విత్తనాలకని ఇంట్లో దాచిన డబ్బు దీంట్లో పెట్టొద్దు తమ్ముడూ, నాయనకు చెప్పకుండా అసలు పెట్టొద్దు.

రిజల్ట్స్ రోజు రాత్రి మేలుకొని ఆర్డర్ పెట్టేది కూడా వద్దు. పొద్దున్నే రిపోర్ట్ తెరిచి నిల్వ రోజులు లెక్కేసుకొని, పోయిన నాలుగు క్వార్టర్ల పక్కన ఒక కాగితం మీద రాసుకోండి, అప్పుడు షాపుకి రండి, ఇద్దరం కూర్చొని చూద్దాం.