ఫైల్‌లోంచి సెక్షన్ రావట్లేదా? ముందు ఆ లైన్‌ని రెప్ర్‌లో చూడండి

ఫైల్‌ని లైన్ లైన్‌గా చదవడం, మొదలు హెడ్డింగ్ దగ్గర ఫ్లాగ్ ఆన్ చేసి ముగింపు హెడ్డింగ్ దగ్గర ఆఫ్ చేయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. కింద చెప్పేదంతా పైథాన్ 3 గురించి.

సమస్య ఏదైనా సరే, హెడ్డింగ్‌ని పోల్చే చోట ఆ లైన్‌ని ఒకసారి ప్రింట్ చేయండి. ఉత్తినే కాదు, రెప్ర్‌లో (repr, కనబడని అక్షరాలను కోడ్ రూపంలో చూపించే ఫంక్షన్) పెట్టి. సాయం అడిగేవాళ్లు కోడ్ మొత్తం పంపుతారు, ఫైల్ పంపుతారు, ఈ ఒక్క లైన్ మాత్రం పంపరు.

ఔట్‌పుట్ ఖాళీ, ఎర్రర్ కూడా లేదు. లైన్ చివర న్యూలైన్ అతుక్కుని ఉంది. స్ట్రిప్ చేసి, అంటే లైన్ రెండు చివర్లా ఉన్న స్పేస్‌లు, న్యూలైన్ తీసేసి పోల్చండి.

మొదటి సెక్షన్ ఒక్కటే రాలేదు. ఫైల్ మొదట్లో బామ్ (బైట్ ఆర్డర్ మార్క్ అనే కనబడని గుర్తు) ఉంది. అది స్ట్రిప్‌కి పోదు. ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 బదులు యూటీఎఫ్-8-సిగ్ ఇవ్వండి.

చివరి సెక్షన్ ఒక్కటే రాలేదు. తర్వాతి హెడ్డింగ్ వచ్చినప్పుడే పాతదాన్ని సేవ్ చేస్తున్నారు. చివరిదాని తర్వాత ఇంకే హెడ్డింగూ రాదు కదా! లూప్ అయ్యాక ఇంకోసారి సేవ్ చేయండి.

అన్ని సెక్షన్లూ కలిసి ఒకే ముద్దగా వచ్చాయి. ఫ్లాగ్ బదులు రెజెక్స్ (నమూనా ఇచ్చి వెతికే పద్ధతి) వాడారు, అందులో డాట్, స్టార్ పక్కన ప్రశ్న గుర్తు పెట్టలేదు. అది లేకపోతే వీలైనంత ఎక్కువ లాగేస్తుంది.

స్ట్రిప్ చేశాను, స్పెల్లింగూ సరిగ్గానే ఉంది. అయినా కొన్ని సెక్షన్లు వస్తున్నాయి, కొన్ని రావట్లేదు. ఒక్కోసారి ఒక సెక్షన్ ఆగకుండా ఫైల్ చివరిదాకా వచ్చేస్తోంది. అసలు దొంగ ఇక్కడున్నాడు. తెలుగు ఫైళ్లలో ఇది ఎంత సతాయిస్తుందో చెప్పలేను.

"రిపోర్ట్" అనే హెడ్డింగ్ తీసుకోండి. కోడ్‌లో మీరు టైప్ చేసినదానికి లెన్ (అందులోని కోడ్‌ల లెక్క) 8 వస్తుంది. ఫైల్‌లోని దానికి 9 వస్తుంది. కంటికి మాత్రం రెండూ ఒకటే. రెప్ర్‌లో చూస్తే చివర బ్యాక్‌స్లాష్, యూ, 200సి కనబడుతుంది. అది జీరో విడ్త్ నాన్ జాయినర్, పక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపే కనబడని అక్షరం.

ఎక్కడినుంచి వచ్చిందంటారా? "రిపోర్ట్‌లో" అని రాయాలంటే పొల్లు తర్వాత అది ఉండాలి, లేకపోతే "రిపోర్ట్లో" అని ఒత్తు పడిపోతుంది. ఎవరో ముందు అలా రాసి, తర్వాత "లో" కొట్టేస్తారు. కనబడని అక్షరం మాత్రం అక్కడే ఉండిపోతుంది. స్ట్రిప్ దాన్ని ముట్టుకోదు, ఎందుకంటే పైథాన్ లెక్కలో అది స్పేస్ కాదు.

చాలామంది ఇక్కడ ఫైల్‌లోంచే హెడ్డింగ్ కాపీ చేసి కోడ్‌లో పెట్టేస్తారు. ఆ ఫైల్‌కి పని చేస్తుంది, హమ్మయ్య అనుకుంటారు. ఇప్పుడు దొంగ మీ కోడ్‌లోకే వచ్చి కూర్చున్నాడు. శుభ్రంగా టైప్ చేసిన హెడ్డింగ్ ఉన్న ఫైల్ వచ్చిన రోజున మళ్లీ ఖాళీ ఔట్‌పుట్.

అందుకని ఒక చిన్న ఫంక్షన్ రాసుకోండి: 200సిని రీప్లేస్‌తో తీసేయాలి, ఆ తర్వాత స్ట్రిప్ చేయాలి. ఫైల్ లైన్‌నీ, మీ హెడ్డింగ్‌నీ రెండింటినీ దాని గుండా పంపి పోల్చండి. పోల్చడానికి మాత్రమే సుమా. ఔట్‌పుట్‌లోకి అసలు లైన్‌నే రాయండి. శుభ్రం చేసినదాన్ని రాస్తే లోపలి మ్యాటర్‌లో ఉన్న "రిపోర్ట్‌లో"లన్నీ "రిపోర్ట్లో"లు అయిపోతాయి, ఆ తర్వాత వాటిని వెనక్కి తెచ్చే దారి లేదు.

ఇంకా ఏవో ఉన్నాయి గానీ అరుదు. బామ్‌తో యూటీఎఫ్-16లో సేవ్ అయిన ఫైల్‌ని యూటీఎఫ్-8గా చదివితే వెంటనే ఎర్రరే ఇస్తుంది, కాబట్టి టెన్షన్ లేదు. ఐత్వం ఒక కోడ్‌గా కాకుండా రెండు కోడ్‌లుగా ఉండటం ఇంకా అరుదు. రెప్ర్ దాన్ని పట్టుకోదు, ప్రతి తెలుగు అక్షరాన్నీ కోడ్‌గా చూపించే ఆస్కీ ఫంక్షన్‌తో చూడాలి. నిజంగా అదే అయితే యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్‌కి ఎన్ఎఫ్‌సి (విడి కోడ్‌లను ఒకటిగా కలిపే రూపం) ఇస్తే సరిపోతుంది.